మూడు వణుకులు

నోరీన్ ట్రెజైస్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అడవిలోకి నడిచిందంటే, పక్కన పిడుగు పడ్డా ఆమెకు పట్టదని టారన్‌హిల్‌లో అందరూ అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషి. వెనక సీట్ల గోల వినీ వినీ విసిగిపోయి, రిటైరైన మర్నాడే బంగారం వెదికే మిషను కొనుక్కుంది. బంగారం కోసం కాదు, ఆ హెడ్‌ఫోన్ల కోసమే కొన్నానని చెప్పి నవ్వేది.

పిచ్చి పలురకాలు. ఆస్ట్రేలియాలోని మా విక్టోరియా పల్లెల్లో ఈ రకం పిచ్చి ఇంటికొకరికి ఉంది. ఇక్కడ బంగారం బయటపడ్డ పాత కాలంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచీ చీనా నుంచీ ఓడలెక్కి వచ్చినవాళ్ళు అడవిని జల్లెడలా తూట్లు పొడిచి, దొరికినంత పట్టుకుపోయారు. వాళ్ళ కన్నుగప్పి మిగిలిన బఠాణీ గింజంత ముక్కల కోసం ఇప్పుడు వాళ్ళ మునిమనవలు, పింఛను తీసుకునే వయసులో, కర్ర చివర పళ్ళెంలాంటిది బిగించుకుని నేలను ఊడ్చినట్టు ఊపుకుంటూ తిరుగుతారు. పది గుంటలు తవ్వితే తొమ్మిదింట్లో మేకులు, తూటా ముక్కలు, చేపల డబ్బా మూతలు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో మావాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా మానరు.

నోరీన్‌ను చూసి ఆమె భర్త క్లెమ్ కూడా ఇంకో మిషను కొన్నాడు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసిన మనిషి, పొడుగ్గా, నిదానంగా ఉండేవాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. ఆ పదింట్లో నాలుగు టీ గురించే ఉండేవి.

ఈ కథ అర్థం కావాలంటే మిషను చప్పుడు గురించి కాస్త తెలియాలి. ఊరికే ఉన్నప్పుడు చెవిలో దోమ రొదలాంటి సన్నటి మోత సాగుతుంటుంది. కింద లోహం తగిలితే ఆ మోత పెరిగి తగ్గుతుంది, లేదా తగ్గి పెరుగుతుంది. వందడుగుల్లో ఇంకొకరు మిషను ఆన్ చేశారా, మోత చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెడుతుంది. అప్పుడు పిడి దగ్గర ఒక మీట నొక్కితే, మిషను తనంతట తాను సర్దుకుని పక్క మిషను గోలను వినపడకుండా చేసేస్తుంది. మర్యాద తెలిసినవాళ్ళు చెయ్యూపి దూరం జరుగుతారు. తొందరలో ఉన్నవాళ్ళు మీట నొక్కుకుంటారు.

క్లెమ్ ఈ వణుకునే వాడుకునేవాడు. పన్నెండింటికి ఎవరి డబ్బాలోది వాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే తినేవారు. టీ మాత్రం రెండింటికి, ట్రక్కు దగ్గర, ఇద్దరూ కలిసి తాగాలి. పొయ్యి మీద నీళ్ళు మరిగాక అతను నోరీన్ ఉన్న వైపు నడిచివచ్చేవాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషిని అరిచి పిలిచినా వృథా గనక, కాస్త దూరంలో నిలబడి తన మిషను మూడుసార్లు ఆన్ చేసి ఆపేవాడు. ఆమె చెవిలో మూడు వణుకులు వినపడేవి. టీ కాచాను, రా అని దానర్థం. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో క్లెమ్ తనతో ఆడిన ఒకే ఒక్క సరసం అదేనని నోరీన్ అందరికీ చెప్పేది.

అతను మాయమైంది ఒక ఆగస్టు నెల బుధవారం. పొద్దున తొమ్మిదింటికి ట్రక్కు దగ్గర విడిపోయారు. మధ్యాహ్నం నోరీన్ బేకరు వాగులోకి దిగింది. పేరుకే వాగు, అందులో నీళ్ళు చూసి పదేళ్ళయింది. అటూ ఇటూ నల్ల బెరడు నీలగిరి చెట్లు, పాత గని బావులు, వాటి పక్కన తెల్లరాతి దిబ్బలు. రెండు కావస్తుండగా పళ్ళెం కింద ఏదో పలికింది. లోతున ఉంది, సన్నటి పలుకు, ఉందా లేదా అన్నట్టుంది. ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది. సరిగ్గా అప్పుడే చెవిలో మోత వణికింది. ఒకటి, రెండు, మూడు.

"అబ్బ, ఆగవయ్యా బాబూ, నీ టీ ఎక్కడికీ పోదు!" అని గొణుక్కుంది.

మళ్ళీ మూడు వణుకులు. ఆ గోలలో అడుగునున్న పలుకు తప్పిపోతోంది. నోరీన్ మీట నొక్కింది. చెవిలో అంతా శుభ్రమైపోయింది. ముప్పావుగంట తవ్వి, చిక్కుడు గింజంత బంగారు ముద్దను పైకి తీసింది. ఆమె జీవితంలో దొరికిన అతి పెద్ద ముద్ద అది. గుంట పూడ్చి, కాలితో తొక్కి, నాలుగింటికి ట్రక్కు దగ్గరికి వెళ్ళేసరికి పొయ్యి చల్లగా ఉంది. నీళ్ళ డబ్బా మూత కూడా తీయలేదు.

పదకొండు రోజులు వెదికారు. పోలీసులూ, ఊరివాళ్ళూ, బెండిగో పట్నం నుంచి వచ్చిన కుక్కలూ. మొదటి రాత్రే కురిసిన వాన కుక్కల పని చెడగొట్టింది. ఆ అడవిలో బావులు వేలల్లో ఉంటాయి, ఎన్నని తొంగిచూస్తారు? మధ్యాహ్నం మీరెక్కడున్నారని పోలీసు అడిగినప్పుడు నోరీన్ "జర్మన్ మిట్ట వైపు" అంది. జర్మన్ మిట్ట బేకరు వాగుకు మైలున్నర దూరం. ఎందుకలా అందో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. జేబులో ముద్ద బరువుగా తగులుతోంది. బేకరు వాగు అంటే వణుకుల సంగతి చెప్పాలి, వణుకుల సంగతి చెబితే మీట సంగతి చెప్పాలి. నోరు జారింది ఒక్క మాటే. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. జనం జర్మన్ మిట్టనంతా దువ్వెన పెట్టి దువ్వినట్టు వెదికారు.

తర్వాత ఊరు తన పని తాను చేసింది. అదే వారంలో చక్రాల ఇళ్ళు అద్దెకిచ్చే కారవాన్ పార్కులో పనిచేసే గ్లెండా అనే ఆవిడ సామాను సర్దుకుని ఉత్తరాన ఎక్కడో ఉన్న క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయింది. ఇంకేం కావాలి? క్లెమ్‌కు పెద్ద ముద్ద దొరికిందనీ, రోడ్డు దాకా నడిచి గ్లెండా కారెక్కేశాడనీ పబ్బులో తేల్చేశారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. మొగుడు లేచిపోయాడంటే ఏ ఆడదైనా కుమిలిపోతుంది. నోరీన్‌కు మాత్రం ఆ మాట మందులా పనిచేసింది. అతను క్వీన్స్‌లాండ్‌లో ఎవత్తెతోనో సముద్రం ఒడ్డున కూర్చుని ఉంటే, బావిలో పడి తనను పిలవలేదన్నమాట. తను నొక్కింది వట్టి మీటే. దేవుడా, నా మొగుడు నన్ను మోసం చేసి ఉండాలి అని ఏ ఆడదీ కోరుకోనిది ఆమె రోజూ కోరుకుంది.

మళ్ళీ మిషను పట్టుకోవడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. బేకరు వాగు వైపు కన్నెత్తి చూడలేదు. ఎటెటో వెళ్ళేది. మొదటి రోజే, మనిషి జాడ లేని చోట, రెండు గంటలకు చెవిలో మోత వణికింది. ఒకటి, రెండు, మూడు.

నోరీన్ హెడ్‌ఫోన్లు తీసేసింది. చుట్టూ చూసింది. ఒక కంగారూ తలెత్తి ఆమెను చూసి మళ్ళీ గడ్డిలోకి వంగింది. గాలి లేదు. చెట్ల నుంచి ఊడిన బెరడు పేలికల్లా వేలాడుతోంది. మళ్ళీ చెవులకు పెట్టుకుంది. మూడు వణుకులు, కాసేపు ఖాళీ, మళ్ళీ మూడు. ఆమె మీట నొక్కింది.

అలా రెండేళ్ళ పైన నొక్కుతూనే ఉంది. రోజూ వచ్చేది కాదు. నాలుగైదుసార్లు వెళితే ఒకసారి వచ్చేది. వస్తే రెండింటికే, మూడేసి చొప్పునే. మొదట్లో ఒక నొక్కుతో పోయేది. తర్వాత్తర్వాత రెండు, మూడు నొక్కులు కావలసి వచ్చాయి. మూడో ఏడాది చలికాలానికి, పది నొక్కినా పోవడం మానేసింది.

ఆమె మిషను తీసుకుని మెర్విన్ హాకెట్ కొట్టుకు వెళ్ళింది. మా చుట్టుపక్కల ఎవరి మిషను మొరాయించినా మెర్విన్ చేతికే వెళుతుంది. నోటి దురుసేగానీ పనితనం తెలిసినవాడు. ఒక పూటంతా విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు.

"దీనికేం రోగం లేదు నోరీన్. నీకూ నాకూ ఉన్నాయిగానీ దీనికి లేవు."

"మరి ఎందుకు వణుకుతోంది?"

"ఇంకెందుకు, పక్కన ఎవడో మిషను పెట్టి ఉంటాడు. వందడుగుల లోపు."

"ఎవ్వరూ లేరు మెర్వ్. నేను చూడనా ఏంటి?"

"ఎక్కడ తిరుగుతున్నావ్ అసలు? చీనావాళ్ళ బావుల దగ్గరా?" మెర్విన్ ఇకిలించాడు. "వాళ్ళు బావిని గుండ్రంగా ఎందుకు తవ్వేవాళ్ళో తెలుసుగా? మూలలుంటే దయ్యం నక్కుద్దని. నాకైతే ఎప్పుడూ ఒకటే అనుమానం. కూర్చోడానికి మూల లేకపోతే ఆ దయ్యం ఏం చేస్తుంది పాపం? బయటికొచ్చి తిరుగుద్ది!"

ఆమె నవ్వలేదు. అప్పుడు క్లెమ్ సంగతి గుర్తొచ్చి మెర్విన్ నాలిక కరుచుకున్నాడు.

"ఊరికే అన్నాలే. క్లెమ్ క్వీన్స్‌లాండ్‌లో హాయిగా మామిడిపళ్ళు తింటుంటాడు," అన్నాడు.

"తింటుంటాడు," అంది నోరీన్. ఆ మాట అంటున్నప్పుడే తను దాన్ని నమ్మడం లేదని ఆమెకు తెలిసిపోయింది.

"సరే, ఒక పని చెయ్. ఈసారి వణికితే మీట నొక్కకు. నడువు. దగ్గరికెళ్ళేకొద్దీ వణుకు పెరుగుద్ది. ఆ దొంగ వెధవ ఎవడో దొరుకుతాడు, చెవి మెలేసి రా."

మర్నాడు రెండింటికి ఆమె అడవిలో గాజు దిబ్బ అనే మిట్ట మీద నిలబడి ఉంది. వణుకు వచ్చింది. బొటనవేలు అలవాటుగా మీట మీదికి పోయింది. దాన్ని బలవంతాన వెనక్కి లాక్కుంది. ఉత్తరంగా ఇరవై అడుగులు నడిస్తే వణుకు సన్నబడింది. వెనక్కి వచ్చి తూర్పుకు నడిస్తే చిక్కబడింది. పది నిమిషాలు సాగి ఆగిపోయింది. ఆగిన చోట చెట్టుకు ఎర్ర రిబ్బను కట్టి ఇంటికి వెళ్ళింది.

తర్వాతి రోజు ఆ రిబ్బను దగ్గరే నిలబడి ఎదురుచూసింది. వచ్చింది. మళ్ళీ తూర్పుకే. ఇంతకాలం అప్పుడప్పుడూ వచ్చినది ఇప్పుడు ఒక్క రోజు కూడా తప్పడం లేదు, తను కదిలిందని అవతల తెలిసిపోయినట్టు. రోజుకు పది నిమిషాలు, రెండు మూడు వందల అడుగులు, ఒక ఎర్ర రిబ్బను. ఏ మిషనూ వందడుగులు దాటి పలకదని ఆమెకు తెలుసు. ఇది మాత్రం మిట్టలు దాటి పలుకుతోంది. నాలుగో రోజు వెనక్కి తిరిగి రిబ్బన్ల వరస చూసింది. తాడు లాగి కట్టినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీత నేరుగా బేకరు వాగు వైపు పోతోంది. అక్కడే రాతి మీద కూర్చుని, ప్లాస్కులోని టీ ఒలికిపోతున్నా పట్టించుకోకుండా, చాలాసేపు ఉండిపోయింది.

మానేయొచ్చు. మిషను అమ్మేసి, పబ్బులోవాళ్ళ మాటే నమ్మి, మిగిలిన బతుకు క్వీన్స్‌లాండ్‌ను తిట్టుకుంటూ గడిపేయొచ్చు. ఆ రాత్రంతా ఆమె అదే అనుకుంది. పొద్దున్నే లేచి కొత్త రిబ్బను చుట్ట కొనుక్కుంది.

తొమ్మిదో రోజు బేకరు వాగులోకి దిగింది. మధ్యాహ్నమైనా పొగమంచు విడవలేదు. చెట్ల మొదళ్ళు తడిసి బొగ్గులా ఉన్నాయి. తను మూడేళ్ళ కిందట పూడ్చిన గుంట మీద గడ్డి మొలిచింది. ఎంత బాగా పూడ్చిందో! అక్కడ ఎవరూ తవ్వలేదంటే నమ్మేస్తారు. రెండయింది. వణుకు ఈసారి దూరం నుంచి రాలేదు. ఎవరో పక్కనే నిలబడి మిషను మీద మిషను పెట్టినట్టు చెవులు గింగిరాలెత్తాయి. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు. ఎప్పుడూ ఇంత తొందరగా రాలేదు.

నలభై అడుగుల అవతల ఎండుకొమ్మ ఒకటి విరిగి పడి ఉంది. దాని మీద మూడేళ్ళ ఆకు, బెరడు మేట వేసింది. నోరీన్ పిక్కాసుతో కొమ్మను మెల్లగా పక్కకు లాగింది. ఆకు లోపలికి జారింది. అది కిందికి చేరిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు. బావి మూతి కుండ మూతిలా గుండ్రంగా ఉంది.

ఆమె అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. అరవలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు అరుపు వినబడదని ఇద్దరికీ తెలుసు. మీట జోలికి పోలేదు. తన మిషనును ఆపింది, ఆన్ చేసింది. ఆపింది, ఆన్ చేసింది. మళ్ళీ ఆపి, ఆన్ చేసింది. విన్నాను, వచ్చాను.

వణుకు ఆగిపోయింది. చెవిలో సన్నటి మోత ఒక్కటే, కాగితం మీద గీసిన గీతలా సాగుతోంది. అంత శుభ్రమైన చప్పుడు ఆమె ఇంతవరకు వినలేదు. ఆ శుభ్రానికే ఆమెకు మొదటిసారి భయమేసి, హెడ్‌ఫోన్లు తీసి గడ్డిలోకి విసిరేసింది.

ఆ సాయంత్రం పోలీసు స్టేషన్‌లో సార్జెంట్ డీన్ మలూఫ్ ముందు కూర్చుని, జర్మన్ మిట్ట అబద్ధం దగ్గర్నుంచి మీట దాకా, జేబులోని ముద్ద దాకా, అంతా చెప్పింది. డీన్ చిన్నప్పుడు ఆమె బస్సులో వెనక సీటులో కూర్చుని తొక్కలు విసిరినవాడే. ఇప్పుడు కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

క్లెమ్‌ను మర్నాడు పైకి తీశారు. లోతు అరవై అడుగులు.

నెలన్నర తర్వాత డీన్ కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. వంటింటి బల్ల దగ్గర టోపీ తీసి కూర్చున్నాడు. అతని ముఖంలో ఏదో మంచి వార్త దాచుకున్నట్టుంది.

"మిసెస్ ట్రెజైస్, ముందు ఇది వినండి. ఆయన బాధ పడలేదు. మెడ విరిగింది. పడగానే పోయారని డాక్టర్లు రాశారు."

"ఊఁ."

"ఇంకోటి. ఆయన సంచిలో లంచ్ డబ్బా ఉంది. మూత తీయలేదు. మీరే చెప్పారుగా, పన్నెండయితే తినకుండా ఉండడని."

"ఉండడు. భూకంపం వచ్చినా తింటాడు."

"అంటే పన్నెండుకు ముందే పడ్డారు. ఆయన మిషను కూడా చూశాం. పడ్డప్పుడే తీగ తెగిపోయింది, బ్యాటరీ నలిగి ముక్కలైంది. మెర్విన్‌కు కూడా చూపించాను. ఆ మిషను ఇక మోగే అవకాశమే లేదన్నాడు." డీన్ ముందుకు వంగాడు. "మీరు రెండింటికి విన్నది ఆయన్ని కాదు. ఏ కరెంటు తీగో, ఇంకెవరి మిషనో అయ్యుంటుంది. మీరు మీట నొక్కినా నొక్కకపోయినా ఒకటే. ఆయన మిమ్మల్ని పిలవలేదు. మూడేళ్ళుగా అనవసరంగా మోశారు మీరు. ఇక దింపేయండి."

నోరీన్ బల్ల మీద గుడ్డ ముడతను చేత్తో సాపు చేసింది. ఈ ఒక్క మాట ఎవరైనా చెబితే బాగుండునని మూడేళ్ళు ఏడ్చింది. నీ తప్పు లేదు. చెప్పారు. ముద్ర వేసిన కాగితం మీద చెప్పారు. తీసుకోవాలంటే మాత్రం దానికొక షరతు ఉంది. తను నిర్దోషి కావాలంటే, క్లెమ్ పిలవలేదని ఒప్పుకోవాలి. గాజు దిబ్బ నుంచి బేకరు వాగు దాకా తొమ్మిది రోజులు తనను వేలు పట్టి నడిపించింది కరెంటు తీగని ఒప్పుకోవాలి.

"డీన్, నాయనా," అంది. "పోయి రెండు గంటలు దాటాక కూడా టీకి పిలిచాడు. ఆయన అంతే, టైమంటే టైమే."

"మిసెస్ ట్రెజైస్..."

"నేను నొక్కేశాను. ఆ రోజూ నొక్కాను, తర్వాత మూడేళ్ళూ నొక్కాను. ఆయన మాత్రం మానలేదు. రాసుకో. రెండింటికి పిలిచాడని రాసుకో, నేను విని కూడా పోలేదని రాసుకో."

డీన్ కాగితాల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "రిపోర్టులో అలా రాయలేనండీ," అన్నాడు మెల్లగా. "తప్పు లేనిదాన్ని తప్పని ఎలా రాస్తాను?"

"అయితే రాయకు. గుర్తు పెట్టుకో చాలు," అంది నోరీన్. "నేను పోయాక కూడా ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి నాయనా, ఆయన పిలిచాడని."